జన్యు నివేదికను చదివేవారు విశాఖలో ఎందుకు తయారు కావడం లేదు?

పిల్లల వార్డులో అంతుచిక్కని జబ్బుతో ఉన్న బిడ్డకు డాక్టరు జన్యు పరీక్ష రాస్తే, విశాఖపట్నంలో తీసిన రక్తం చాలాసార్లు ఊరు దాటి హైదరాబాద్‌కో, బెంగళూరుకో, చెన్నైకో వెళ్తుంది. కొన్ని వారాలకు పేజీల కొద్దీ నివేదిక వస్తుంది. అందులో ఒక జన్యువు పేరు, దానిలోని మార్పు, ఆ మార్పు ‘ప్రభావం అనిశ్చితం’ అన్న వర్గీకరణ ఉంటాయి. రెండో బిడ్డకూ ఈ జబ్బు వస్తుందా అని తల్లి అడుగుతుంది. వార్డులోని డాక్టరు దగ్గర సమాధానం ఉండదు. ఉండవలసిన వ్యక్తి ఆ బిడ్డను ఎన్నడూ చూడలేదు.

ఆ వ్యక్తిని తయారు చేసే చదువు ఏమిటి, అది ఎక్కడ పుట్టింది, మన దాకా ఎందుకు రాలేదు అన్నదే ఇక్కడి విషయం. అమెరికాలో దీనికి ప్రయోగశాల జన్యుశాస్త్రం, జినోమిక్స్ (మొత్తం జన్యుక్రమాన్ని చదివే శాస్త్రం) ఫెలోషిప్ అని పేరు. రెండేళ్ల శిక్షణ. వైద్యులతో పాటు పీహెచ్‌డీ చేసినవారూ చేరవచ్చు. బోస్టన్, ఫిలడెల్ఫియా, సిన్సినాటి వంటి నగరాల పిల్లల ఆసుపత్రులు ఈ శిక్షణకు పెట్టింది పేరు. పుట్టుకతో వచ్చే లోపాలు, బాల్యంలో వచ్చే రక్త కాన్సర్లు ఒకే గూటికి చేరేది అక్కడే కాబట్టి, రెండు రకాల నమూనాలూ శిక్షణ పొందేవారి చేతుల మీదుగా వెళ్తాయి.

ఈ వృత్తి రెండు వేర్వేరు పనులుగా మొదలైంది. మనిషి కణంలో డీఎన్‌ఏను మోసే పోగులైన క్రోమోజోములు 46 అని జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ 1956లో ప్రకటించేదాకా ఆ లెక్క 48 అనే నమ్మేవారు. మూడేళ్లకే, 1959లో, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉందని జెరోమ్ లెజూన్ బృందం చూపింది. 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఒక రకం రక్త కాన్సర్‌లో చిన్నదైపోయిన క్రోమోజోమును గుర్తించారు. అది నేటికీ ఫిలడెల్ఫియా క్రోమోజోముగానే పేరుపడి ఉంది. రాజ్మా గింజల నుంచి తీసే ఒక ప్రోటీను రక్తంలోని తెల్లకణాలను విభజనకు పురిగొల్పుతుందని తెలిసింది కూడా ఆ రోజుల్లోనే. దాంతో ప్రయోగశాలలో కణాలను పెంచే మూడు రోజుల కల్చర్‌తో ఎవరి క్రోమోజోములనైనా చూడగలిగే వీలు వచ్చింది. మైక్రోస్కోపు ముందు కూర్చుని క్రోమోజోములు లెక్కపెట్టే నిపుణులు అలా ఒక వర్గంగా ఏర్పడ్డారు.

రెండో వర్గం డీఎన్‌ఏ అక్షరాలను చదివేవారిది. 1977లో ఫ్రెడరిక్ సాంగర్ పద్ధతి, 1980లలో పీసీఆర్ వచ్చాక వీరి పని ఊపందుకుంది. ఈ రెండు వర్గాల శిక్షణలు, పరీక్షలు, ధ్రువపత్రాలు దశాబ్దాల పాటు విడివిడిగానే సాగాయి. ఒక చిప్ మీద డీఎన్‌ఏను ఎన్నో చోట్ల ఒకేసారి పరీక్షించే మైక్రోఅరే వచ్చి ఆ గోడను కూల్చింది. క్రోమోజోములో తెగిపోయిన ముక్కను మైక్రోస్కోపు కంటే ఎన్నో రెట్లు నిశితంగా అది డీఎన్‌ఏ ద్వారానే చూపెట్టింది. పుట్టు లోపాలు, ఎదుగుదల లోపాలు ఉన్న పిల్లలకు మొదటి పరీక్షగా మైక్రోఅరేనే చేయాలని 2010లో నిపుణుల బృందం సూచించింది. ఇక రెండు చదువులు వేరుగా ఉండటంలో అర్థం లేకపోయింది. అమెరికా జన్యువైద్య బోర్డు 2017 నుంచి రెండింటినీ కలిపి ఒకే శిక్షణగా మార్చింది.

ఈ శిక్షణలో అసలైన భాగం యంత్రం నడపడం కాదని నా నమ్మకం. ఒక మార్పు జబ్బుకు కారణమా కాదా అని తేల్చడానికి 2015లో అక్కడి సంస్థలు ఐదు మెట్ల వర్గీకరణ ఇచ్చాయి. హానికరం, బహుశా హానికరం, అనిశ్చితం, బహుశా నిరపాయం, నిరపాయం. ఏ మెట్టు మీద పెట్టాలన్నది కుటుంబ చరిత్ర, బిడ్డ లక్షణాలు, ఆ జనాభాలో ఆ మార్పు ఎంత సాధారణం అన్న లెక్క కలిపి చూస్తేనే తెలుస్తుంది. ఫెలో రెండేళ్లూ చేసేది ఇదే. ముసాయిదా నివేదిక రాయడం, సీనియరు దిద్దడం, వార్డు డాక్టర్లతో కూర్చుని వాదించడం. ఈ విద్య కేసుల మధ్యే దొరుకుతుంది, పుస్తకంలో కాదు.

మన దేశంలో కథ మరో దారి పట్టింది. లక్నోలోని సంజయ్ గాంధీ పీజీ వైద్య సంస్థ, హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి చోట్ల వైద్య జన్యుశాస్త్రంలో డీఎం (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) ఉంది. అది ప్రధానంగా రోగిని చూసే వైద్యునికి. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ‘ఉమ్మీద్’ పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యులకు జన్యు రోగనిర్ధారణలో శిక్షణ మొదలుపెట్టింది. మంచి ప్రయత్నమే. కానీ నివేదికపై సంతకం పెట్టే శాస్త్రవేత్తను రెండేళ్లపాటు ఆసుపత్రిలోనే ఉంచి తయారు చేసే దారి మనకింకా స్థిరపడలేదు. గర్భస్థ లింగ నిర్ధారణను అడ్డుకునేందుకు తెచ్చిన 1994 చట్టంలోని నిర్వచనమే చూడండి. వైద్య పట్టా లేదా జీవశాస్త్రాల్లో పీజీ తర్వాత ఆ రంగంలో రెండేళ్ల అనుభవం ఉన్నవారిని కూడా జన్యువైద్య నిపుణులుగా గుర్తిస్తుంది. ఆ అనుభవం ఎవరి దగ్గర, ఎన్ని కేసుల మీద, ఏ పరీక్షతో తేలాలో ఆ నిర్వచనంలో లేదు.

తెలుగువారికి ఉన్న పెద్ద సంస్థలన్నీ హైదరాబాద్‌లో ఉన్నాయి. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, డీఎన్‌ఏ ముద్రల, రోగనిర్ధారణ కేంద్రం సీడీఎఫ్‌డీ, నిమ్స్, బేగంపేటలోని ఉస్మానియా జన్యు వ్యాధుల ఆసుపత్రి. 2014 విభజనతో ఇవన్నీ తెలంగాణలో ఉండిపోయాయి. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం తొలుత గుర్తించిన కేంద్రాల్లో కూడా తెలుగు నేలకు దక్కినది సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి నడిపే హైదరాబాద్ కేంద్రమే.

అలాగని విశాఖ ఖాళీ చేతులతో లేదు. ఆంధ్ర మెడికల్ కాలేజీ, కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923 నాటివి. ఉత్తరాంధ్ర జిల్లాలతో పాటు ఒడిశా దక్షిణ భాగం నుంచి కూడా రోగులు కేజీహెచ్‌కే వస్తారు. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవ జన్యుశాస్త్రానికే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. ఆ రకమైన విభాగం ఉన్న విశ్వవిద్యాలయాలు దేశంలో ఎన్నో లేవు. పిఠాపురంలో పుట్టి, ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర పనిచేసిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరా ఖాన్‌తో కలిసి 1960, 1963లలోనే ఆంధ్రలో మేనరికాలపై పరిశోధన పత్రాలు ప్రచురించారు. మేనమామను పెళ్లాడినవారి బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే పదహారింట ఒకటి. ఈ లెక్కను నిజమైన కుటుంబాల్లో చూసిన నేల ఇది. డిగ్రీ ఇచ్చే విభాగానికీ రోగి ఉన్న ఆసుపత్రికీ మధ్య క్రమబద్ధమైన శిక్షణ పెరగకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

మన్యం వైపు చూస్తే అవసరం మరింత స్పష్టం. ఎర్ర రక్తకణాలను కొడవలి ఆకారంలోకి మార్చే సికిల్ సెల్ జన్యువును మన దేశంలో తొలిసారి నీలగిరి గిరిజనుల్లో 1952లో గుర్తించారు. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజన కుటుంబాలకు ఈ జబ్బు కొత్త కాదు. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందిని పరీక్షించాలనీ, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలనీ లక్ష్యం పెట్టుకుంది. గ్రామంలో రక్తపు చుక్కను ఒక ద్రావణంలో కలిపి చూసే ద్రావణీయత పరీక్ష సులువైనదే. సికిల్‌తో పాటు తలసీమియా జన్యువు కూడా ఉన్న బిడ్డ విషయంలోనో, గర్భంలోని శిశువు విషయంలోనో డీఎన్‌ఏ చదివే ప్రయోగశాల కావాలి. అక్కడ వారాల ఆలస్యం కుటుంబం చేతిలోని నిర్ణయాన్నే లాగేసుకుంటుంది.

కొరియర్‌లో పంపితే సరిపోదా అంటారు. డీఎన్‌ఏ పరీక్షకైతే చాలావరకు సరిపోతుంది. క్రోమోజోముల పరీక్షకు కణాలు బతికి ఉండాలి. గడ్డకట్టకుండా హెపారిన్ మందు వేసిన గొట్టంలో తీసిన రక్తం మే నెల ఎండలో రెండు రోజులు ప్రయాణిస్తే కల్చర్ విఫలమయ్యే ముప్పుంది. అప్పుడు బిడ్డకు మళ్లీ సూది.

దూరం వల్ల నష్టపోయేది రక్తమే కాదు, సమాచారం కూడా. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైము లోపం వల్ల ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం ఎంతోసేపు దిగదని మన మత్తు డాక్టర్లకు ఏనాటి నుంచో తెలుసు. కారణమైన జన్యుమార్పు తర్వాత దొరికింది. 2025 జనవరిలో 83 జనసమూహాలకు చెందిన 10,000 జన్యుక్రమాల సమాచారాన్ని జీనోమ్ ఇండియా అనే జాతీయ ప్రాజెక్టు పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. దాన్ని కొండదొర, బగత గిరిజన కుటుంబపు బిడ్డ నివేదికతో పోల్చి ‘అనిశ్చితం’ అన్న మాటను తొలగించగలవారు ఆ కుటుంబాన్ని ఎరిగినవారై ఉంటే ఎంతో మేలు.

మొదలుపెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. విశ్వవిద్యాలయ విభాగం, మెడికల్ కాలేజీ కలిసి ఏటా ఇద్దరు ఫెలోలను తీసుకోవచ్చు. క్రోమోజోముల కల్చర్ ఇక్కడే నేర్పి, సీక్వెన్సింగ్ కోసం కొన్ని నెలలు హైదరాబాద్ పంపవచ్చు. వారానికోసారి కేజీహెచ్ పిల్లల విభాగంలో కేసుల చర్చకు కూర్చోబెట్టవచ్చు. అన్నిటికంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో జన్యు శాస్త్రవేత్త అనే పోస్టు మంజూరు కావాలి. ఆ పోస్టు లేకపోతే శిక్షణ పూర్తయిన వారు కూడా, ఇప్పుడు రక్తం వెళ్తున్న నగరాలకే ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్తారు.