సబ్బుల షేర్లకు ‘భద్రం’ అన్న పేరు ఎలా వచ్చింది?

మార్కెట్ పడిన ప్రతిసారీ తిరుపతిలో మదుపరుల మధ్య తిరిగే సలహా ఒకటుంది: రోజూ వాడే సరుకుల కంపెనీల్లో పెట్టండి, జనం పళ్లు తోముకోవడం మానరు కదా అని. మాటలో అబద్ధం లేదు. కానీ పేస్టు అమ్ముడుపోవడం వేరు, పేస్టు కంపెనీ షేరు పెరగడం వేరు. రెండూ ఒకటేనన్న నమ్మకానికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1973 నాటి ఫెరా (విదేశీ మారక నియంత్రణ) చట్టం చాలా విదేశీ కంపెనీలను ఇక్కడి సంస్థల్లో తమ వాటా 40 శాతానికి తగ్గించుకోమంది. కోకా-కోలా 1977లో దేశం విడిచిపోయింది. కోల్గేట్ మాత్రం 1978లో జనానికి షేర్లు అమ్మింది. అప్పట్లో ఇష్యూ ధర, అంటే కంపెనీ కొత్త షేర్లను జనానికి అమ్మే ధర, కేంద్రం నియమించిన కంట్రోలర్ చేతిలో ఉండేది. అది అసలు విలువ కంటే బాగా తక్కువగా ఉండేది. ఆ ధరకు కొని, తర్వాత కంపెనీ ఉచితంగా ఇచ్చిన బోనస్ షేర్లతో సహా దాచుకున్న కుటుంబాలు బాగుపడ్డాయి. వాళ్ల లాభంలో పెద్ద వాటా ఆ చౌక ధరదే. 1992లో ఆ పద్ధతి పోయింది. కథ మాత్రం మిగిలింది.

ఆ కథకు మొదటి పెద్ద దెబ్బ హిందుస్థాన్ లీవర్ (నేటి హిందుస్థాన్ యూనిలీవర్) షేరులో తగిలింది. 2004లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఏరియల్, టైడ్ ధరలు కోసేసింది. లీవర్ కూడా సర్ఫ్ ఎక్సెల్ ధర దించక తప్పలేదు. 2000 ఆరంభంలో గరిష్ఠ ధరకు ఆ షేరు కొన్నవారికి, డివిడెండ్లు (కంపెనీ పంచే లాభం) పక్కన పెడితే, 2010 ఆరంభానికి కూడా పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు. ఆ పదేళ్లూ ఇళ్లలో సబ్బు వాడకం తగ్గిందా? లేదు. మధ్యలో 2008 వచ్చింది. జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అక్టోబరులో 8,000 దిగువకు జారితే, ఈ రోజువారీ సరుకుల రంగం అంతకంటే చాలా తక్కువ నష్టపోయింది. దాంతో పాత నమ్మకానికి మళ్లీ ప్రాణం వచ్చింది.

ఇక్కడ దెబ్బతీసేది ధర. షేరుకు లాభం పది రూపాయలు, ధర 600 అనుకుందాం; ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే పీఈ 60. లాభం ఏటా 10 శాతం పెరిగితే ఏడేళ్లకు 19.50 అవుతుంది. ఈలోగా మార్కెట్ ఇచ్చే పీఈ 30కి దిగితే ధర 585. కంపెనీ లాభం దాదాపు రెట్టింపైంది, మదుపరికి పదిహేను రూపాయలు పోయింది. హిందుస్థాన్ యూనిలీవర్ షేరు 2021 సెప్టెంబరులో ఉన్న ధర కంటే 2025 తొలి నెలల్లో దిగువన ఉండడంలో ఈ లెక్క పాత్ర ఉంది.

‘వాడకం ఆగదు’ అన్న మాటకూ ఒక మినహాయింపు మన కళ్లముందే కనిపించింది. 2020 మార్చి 20 నుంచి జూన్ 8 దాకా తిరుమలలో భక్తులకు దర్శనాలు లేవు. యాత్రికుల మీద బతికే టీకొట్లు, హోటళ్లు మూతపడ్డాయి. దేశమంతటా ఇంట్లో తినే బిస్కెట్లు, నూడుల్స్‌కు గిరాకీ పెరిగింది. బయట తాగే కూల్‌డ్రింకులకు, ఐస్‌క్రీములకు పడిపోయింది. రెండూ ‘రోజువారీ సరుకులే’.

2022 ఏప్రిల్ 28న ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపింది. నెల తిరక్కముందే నిషేధం ఎత్తేసినా, ఆ నూనె వాడే సబ్బు, బిస్కెట్ కంపెనీలు పెరిగిన ఖర్చు ఎక్కడ దాచాలో వెతుక్కోవాల్సి వచ్చింది. ఐదు రూపాయల ప్యాకెట్ ధర కదల్చలేరు, బరువు తగ్గిస్తారు. 64 గ్రాములది 55 గ్రాములైతే గ్రాము ధర 16 శాతం పెరిగినట్టే. అమ్మిన ప్యాకెట్ల సంఖ్య మారకపోయినా టన్నుల్లో అమ్మకం 14 శాతం తగ్గినట్టు. అందుకే కంపెనీ ఫలితాల్లో రూపాయల పెరుగుదలతో ఆగకుండా పరిమాణంలో పెరుగుదలను చూడాలి. దుకాణంలోనైతే ప్యాకెట్ మీద గ్రాముకో మిల్లీలీటరుకో ఎంతో ముద్రిస్తున్నారు; 2021 సవరణతో వచ్చిన నిబంధన అది. పాత కవరు పక్కన పెట్టి పోల్చితే చాలు.

చిత్తూరు వాళ్లకు ఇంకో పొరపాటు సులభం: మామిడిని చూసి కూల్‌డ్రింక్ షేరు లెక్క కట్టడం. 2025లో కాపు విరగకాసింది, గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత సరుకు పేరుకుపోయింది, తోతాపురి ధర కూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. ముడిసరుకు చౌక కదా, జ్యూస్ కంపెనీకి పండగే అనిపిస్తుంది. కానీ ఆ వేసవిలో అకాల వర్షాలు పడి, పెప్సీ సీసాలు నింపే వరుణ్ బెవరేజెస్ అమ్మకాల పరిమాణం ఏప్రిల్-జూన్‌లో తగ్గింది. మాజా, ఫ్రూటీ కంపెనీల షేర్లు కొందామంటే అవి మన మార్కెట్లో లేనే లేవు.

ఇటీవలి చిక్కు జీఎస్టీది. 2025 సెప్టెంబరు 22 నుంచి షాంపూ, సబ్బు, టూత్‌పేస్టు మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. తగ్గింపు ముందే తెలియడంతో డిస్ట్రిబ్యూటర్లు, కిరాణా కొట్లు పాత ధర సరుకు ఖాళీ చేసుకుంటూ కొత్త ఆర్డర్లు ఆపారు. ఆ త్రైమాసికంలో కంపెనీ అమ్మకాలు తగ్గితే గిరాకీ పోయిందనుకోవడం తప్పు. తర్వాత అరలు నింపుకున్నందుకు పెరిగితే గిరాకీ పుంజుకుందనుకోవడమూ అంతే తప్పు. రెండు త్రైమాసికాలూ కలిపి, ముందటేడు అవే ఆరు నెలలతో పోల్చాలి.