మూలాలను వెతికే ముందు వాటి సంఖ్య తేల్చడం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ముందుగా ఒక తెల్లకాగితం తీసుకుని ఈ మూడు సమీకరణాలను ఒకదాని కింద ఒకటి రాసుకోండి. మీ పుస్తకాల్లో ఎక్స్ ఉండేచోట నేను ‘య’ అని రాస్తున్నాను.

య³ − 3య + 1 = 0
య³ − 3య + 2 = 0
య³ − 3య + 3 = 0

వీటి మధ్య తేడా చివరి అంకెలో మాత్రమే ఉంది. అయినా మొదటిదానికి మూడు వాస్తవ మూలాలున్నాయి (మూలం అంటే సమీకరణాన్ని నిజం చేసే య విలువ), రెండోదానికి వేరువేరు మూలాలు రెండే, మూడోదానికి ఒక్కటే. ఏ మూలం విలువా కనుక్కోకుండా, గుణకాలను మాత్రమే చూసి ఈ సంగతి చెప్పగలమా అన్నది ఈ ఉత్తరంలో నేను మీ ముందు పెడుతున్న ప్రశ్న. పిల్లలు ఇలాంటి సమీకరణం కనిపించగానే 1, −1, 2, −2 అంటూ ప్రతిక్షేపించడం మొదలుపెడతారు. అలా ఒక మూలం దొరికినా, ఇంకా ఎన్ని మిగిలాయో తెలియదు కనుక వెతుకులాట ఎక్కడ ఆపాలో తెలియదు. అందుకే ముందు ఎన్ని ఉన్నాయో తేల్చుకోవాలని నేను పట్టుబడతాను.

మీకు తెలిసిన రెండు విషయాలను గుర్తుచేసి ముందుకు వెళ్తాను. ప్రతి మూలమూ ఒక ప్రథమ పరిమాణ కారణాంకాన్ని ఇస్తుంది కాబట్టి, ఒక బహుపదికి దాని పరిమాణం కంటే ఎక్కువ మూలాలు ఉండవు. గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలైనప్పుడు, వాస్తవం కాని మూలాలు సంయుగ్మ జతలుగానే, అంటే ఊహా భాగం గుర్తులో మాత్రమే తేడా ఉన్న జంటలుగానే వస్తాయి. కాబట్టి మన ఘన సమీకరణాలలో, పునరావృతమైన మూలాన్ని ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు లెక్కపెడితే, వాస్తవ మూలాలు మూడైనా ఉండాలి, ఒకటైనా ఉండాలి.

ఇంతకంటే లోతుకు తీసుకువెళ్లే సూత్రాన్ని ఫ్రెంచి గణితజ్ఞుడు రెనె డెకార్ట్ 1637లో ప్రచురించాడు. పదాలను పరిమాణం తగ్గే క్రమంలో రాసి, సున్నా గుణకాలను వదిలేసి, గుర్తు ప్లస్ నుంచి మైనస్‌కు గానీ మైనస్ నుంచి ప్లస్‌కు గానీ ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. ధన మూలాల సంఖ్య ఆ మార్పుల సంఖ్యకు సమానమైనా కావాలి, లేదా దానికంటే ఒక సరి సంఖ్య అంత తక్కువైనా కావాలి. రుణ మూలాల కోసం య స్థానంలో −య రాసి అదే లెక్క చేయాలి. డెకార్ట్ దీనికి నిరూపణ ఇవ్వలేదు, ఆ పని తరువాతి వాళ్లు చేశారు.

ఈ సూత్రం ఎందుకు నిజమో ఒక ఉదాహరణలో చూడండి. య² + య + 1 లో గుర్తు మార్పు లేదు. దాన్ని (య − 2) తో గుణించి, 2 అనే ధన మూలాన్ని మనమే చేర్చుదాం. వచ్చే లబ్ధం య³ − య² − య − 2, ఇందులో ఒక మార్పు ఉంది. దాన్ని మళ్లీ (య − 1) తో గుణిస్తే య⁴ − 2య³ − య + 2 వస్తుంది, ఇప్పుడు మార్పులు రెండు. ఒక ధన మూలాన్ని చేర్చిన ప్రతిసారీ గుర్తు మార్పులు కనీసం ఒకటి పెరుగుతాయి, ఎప్పుడూ బేసి సంఖ్యలోనే పెరుగుతాయి. సూత్రమంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. దీన్ని సాధారణ బహుపదికి మీ అంతట మీరే నిరూపించడానికి ప్రయత్నించండి, అది మీ శక్తికి మించిన పని కాదు.

పదాలు తక్కువగా ఉన్నచోట ఈ సూత్రం బలం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. య⁵⁰ − 3య + 1 = 0 తీసుకోండి. గుర్తు మార్పులు రెండు కనుక ధన మూలాలు రెండు, లేదా అసలు లేవు. −య ప్రతిక్షేపిస్తే గుర్తులన్నీ ప్లస్‌లే కనుక రుణ మూలాలు లేవు. సున్నా దగ్గర విలువ 1, ఒకటి దగ్గర −1, రెండు దగ్గర చాలా పెద్ద ధన సంఖ్య. అందుచేత వాస్తవ మూలాలు సరిగ్గా రెండు. మిగిలిన 48 మూలాలూ వాస్తవ సంఖ్యలు కావు. యాభయ్యో పరిమాణపు సమీకరణం గురించి మూడు ప్రతిక్షేపణలతో ఇంత చెప్పగలిగాం.

కానీ మన మూడు సమీకరణాల దగ్గర ఈ సూత్రం ఆగిపోతుంది. మూడింటిలోనూ గుర్తులు ప్లస్, మైనస్, ప్లస్ కాబట్టి, ధన మూలాలు రెండో సున్నాయో అని మూడింటికీ ఒకే సమాధానం వస్తుంది. హద్దు కాకుండా కచ్చితమైన సంఖ్యనే ఇచ్చే పద్ధతిని 1829లో స్టర్మ్ అనే గణితజ్ఞుడు పారిస్‌లోని సైన్సు అకాడమీకి సమర్పించాడు. జెనీవాలో 1803లో పుట్టిన ఆయనకు అప్పటికి ఇరవై ఐదేళ్లు.

ఆయన పద్ధతి గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) కనుక్కునే భాగహార పద్ధతే, చిన్న మార్పుతో. మొదట బహుపది, రెండోది దాని అవకలజం (య మారేకొద్దీ బహుపది విలువ ఎంత వేగంగా మారుతుందో చెప్పేది), ఆ తరువాత ఒకదాన్ని మరొకదానితో భాగించగా వచ్చిన శేషాన్ని గుర్తు మార్చి రాసుకుంటూ వెళ్లాలి. ధన స్థిరాంకాలతో గుణించినా భాగించినా ఇబ్బంది లేదు. మొదటి సమీకరణానికి వచ్చే వరుస ఇది: య³ − 3య + 1, య² − 1, 2య − 1, చివరగా ఒక ధన సంఖ్య. య చాలా పెద్ద రుణ సంఖ్య అయినప్పుడు వీటి గుర్తులు మైనస్, ప్లస్, మైనస్, ప్లస్, అంటే మూడు మార్పులు. చాలా పెద్ద ధన సంఖ్య అయినప్పుడు అన్నీ ప్లస్‌లే, మార్పులు లేవు. మూడులోంచి సున్నా తీసేస్తే మూడు, అదే వాస్తవ మూలాల సంఖ్య. ఏ రెండు సంఖ్యల మధ్యనైనా ఇలాగే లెక్కపెట్టవచ్చు. సున్నా దగ్గర మార్పులు రెండు, ఒకటి దగ్గర ఒకటి, కనుక 0కు, 1కి మధ్య సరిగ్గా ఒక మూలం ఉంది.

శేషం గుర్తు ఎందుకు మార్చాలన్నది ఈ పద్ధతికి ప్రాణం. య విలువను ఎడమ నుంచి కుడికి జరుపుతూ పోతున్నామనుకోండి. మధ్యలోని ఏదో ఒక బహుపది సున్నా అయినచోట, గుర్తు మార్చి రాసుకున్నందువల్లనే, దానికి అటూ ఇటూ ఉన్న రెండు బహుపదుల గుర్తులు పరస్పరం వ్యతిరేకంగా ఉంటాయి. మధ్యదాని గుర్తు ఏదైనా ఆ ముగ్గురి మధ్య ఒక్క మార్పే ఉంటుంది కనుక మొత్తం మారదు. అసలు బహుపది సున్నా అయినచోట మాత్రం అలా జరగదు. మూలానికి కొంచెం ముందు బహుపదికీ అవకలజానికీ వ్యతిరేక గుర్తులుంటాయి, దాటిన వెంటనే ఒకే గుర్తు వస్తుంది, ఒక మార్పు మాయమవుతుంది. కాబట్టి తగ్గిన ప్రతి మార్పూ మనం దాటివచ్చిన ఒక మూలమే.

మూడో సమీకరణానికి వరుస య³ − 3య + 3, య² − 1, 2య − 3, చివరగా ఒక రుణ సంఖ్య. మార్పులు రెండు నుంచి ఒకటికి తగ్గుతాయి, అంటే ఒకే మూలం. రెండోదానికి మూడో బహుపదిగా 2య − 2 వస్తుంది, అది య² − 1ని శేషం లేకుండా భాగించడంతో వరుస అక్కడే ముగుస్తుంది. మార్పులు రెండు నుంచి సున్నాకు తగ్గుతాయి కనుక వేరువేరు మూలాలు రెండు. వరుసను ముగించిన ఆ 2య − 2 మరో సంగతి కూడా చెబుతోంది: 1 అనేది రెండుసార్లు వచ్చే మూలం.

ఇక మీకొక పని. చివరి అంకె స్థానంలో ‘క’ అని రాసి ఇదే భాగహారం చేయండి. వరుసలో ఆఖరి సంఖ్య గుర్తు 4 − క² గుర్తే అవుతుందని, −2కు 2కు మధ్య మాత్రమే మూడు వేరువేరు మూలాలు వస్తాయని మీకే కనిపిస్తుంది. తరువాత −3 స్థానంలో కూడా ‘గ’ అనే అక్షరం పెట్టి, య³ + గయ + క = 0 తో మళ్లీ మొదలుపెట్టండి. చివర్లో −4గ³ − 27క² అనే రాశి వస్తుంది. మూలాలు ఎలాంటివో చెప్పే వర్గ సమీకరణాల విచక్షణి మీకు పరిచయమే, ఇది ఘన సమీకరణానికి విచక్షణి.

మీ తాతయ్య