రక్తంలో కాల్షియం ఎక్కువుంటే ఎముకలు గట్టిగా ఉన్నట్టేనా?

మా పిన్ని ఫుల్ బాడీ చెకప్ చేయించుకుంటే కాల్షియం డెసీలీటరు రక్తానికి 10.9 మిల్లీగ్రాములు వచ్చింది, మామూలుగా 8.5 నుంచి 10.5 లోపు ఉండాలి. నేను కంగారు పడుతుంటే ఆవిడేమో "చూశావురా, రోజూ రాగి జావ తాగుతా, నా ఎముకలు ఉక్కు" అని మురిసిపోతోంది. రాగుల్లో కాల్షియం దండిగా ఉంటుంది నిజమే, వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా, కానీ జావ తాగినంత మాత్రాన రక్తంలో నంబర్ అలా ఎక్కి కూర్చోదు.

ఒంట్లో ఉండే కాల్షియం మొత్తం సుమారు కిలో, అందులో 99 శాతం ఎముకల్లో, పళ్ళల్లోనే ఉంటుంది, రక్తంలో తిరిగేది చిటికెడు. కానీ గుండె, నరాలు, కండరాలు నడిచేది ఆ చిటికెడు మీదే కాబట్టి అది తగ్గితే శరీరం ఊరుకోదు, ఎముకని కరిగించైనా సరే తెచ్చి పోస్తుంది. ఈ కాపలా పని థైరాయిడ్ వెనక కందిపప్పు బద్దలంత ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులది. వాటిలో ఏదైనా అతిగా పనిచేస్తే అవసరం లేకపోయినా ఎముక నుంచి లాగుతూనే ఉంటుంది, అంటే రక్తంలో ఎక్కువుంటే ఒక్కోసారి ఎముక ఖాళీ అవుతోందని కూడా అర్థం!

మరి గ్రంథికి కాల్షియం ఎంతుందో ఎలా తెలుస్తుంది? దాని కణాల మీద కాల్షియంని పసిగట్టే రిసెప్టర్ ఉంటుంది, 1993లో ఆవు గ్రంథి నుంచి దీన్ని పట్టుకున్నారు. మనుషుల్లో ఇది 1078 అమైనో ఆమ్లాల ప్రోటీన్, దీని జన్యువు మూడో క్రోమోజోమ్ మీద ఉంది. ఏసీని ఒకరు 24లో పెట్టుకుంటారు ఇంకొకరు 26లో, అలాగే ఈ జన్యువులో తేడాల వల్ల ఒక్కొక్కరి కాల్షియం సెట్టింగ్ కొంచెం అటూ ఇటూ ఉంటుంది. చాలామందిలో కనిపించే తేడా ఆ ప్రోటీన్‌లో 986వ చోట అలనిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు సెరిన్ అనేది రావడం. 2010లో యూరప్ వాళ్ళతో పాటు లండన్‌లో ఉండే మన ఉపఖండం వాళ్ళ డీఎన్‌ఏ కూడా కలిపి చూస్తే ఈ జన్యువు దగ్గరే రక్తం కాల్షియంతో లంకె తేలింది, కాకపోతే పెరిగేది డెసీలీటరుకి 0.1 మిల్లీగ్రాము కన్నా తక్కువే. సరే, ఇలా పుట్టుకతోనే కాస్త ఎక్కువున్న వాళ్ళ ఎముకలు గట్టివా అంటే కాదనే తేలింది, 2019లో బ్రిటన్ బయోబ్యాంక్ (లక్షల మంది జన్యు, ఆరోగ్య వివరాల భండారం) డేటాతో చేసిన పరిశీలనలో వాళ్ళ ఎముక సాంద్రతా పెరగలేదు, ఫ్రాక్చర్లూ తగ్గలేదు. అందుకే ఈ ఒక్క తేడా కోసం డీఎన్‌ఏ టెస్టుకి డబ్బులు పోయడం నా దృష్టిలో దండగ.

అరుదుగా మాత్రం ఇదే జన్యువు పెద్దగా దెబ్బతింటుంది. రిసెప్టర్ మొద్దుబారితే ఉన్న కాల్షియం కూడా గ్రంథికి తక్కువగానే కనిపిస్తుంది, కిడ్నీ కూడా మూత్రంలోకి వదలకుండా పట్టుకుంటుంది, రిపోర్టులో జీవితాంతం హై అనే వస్తుంది కానీ మనిషికి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, ఎముకలూ బాగానే ఉంటాయి. గ్రంథి తీసేస్తే తగ్గుతుందనుకుని కోశారంటే ఆపరేషన్ వృథా. అయితే అదే పాడైన కాపీ అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ వస్తే వేరే కథ, మేనరికాల్లో ఆ ఛాన్స్ ఎక్కువ, అలా పుట్టిన పసిబిడ్డకి కాల్షియం విపరీతంగా పెరిగి పక్కటెముకలు విరిగేంత పల్చబడతాయి.

పిన్నిది ఈ జన్యువు తేడానా, లేక గ్రంథే అతిగా పనిచేస్తోందా అని తేల్చడానికి 24 గంటల మూత్రం పట్టమన్నారు. పొద్దున మొదటిసారిది పారబోసి, అక్కణ్ణుంచి మర్నాడు పొద్దున మొదటిసారిది కూడా కలిపి ప్రతిదీ క్యాన్‌లో పొయ్యాలి, ఆవిడ బాత్రూం తలుపు మీద చాక్‌పీస్‌తో టైం రాసుకుంది. రక్తం, మూత్రం లెక్కలు కలిపి కట్టే నిష్పత్తి 0.01 కన్నా తక్కువైతే జన్యువు మీద అనుమానం, 0.02 దాటితే గ్రంథి మీద. పిన్నిది దాటింది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో ఉక్కు ఎముకల్లో ముంజేతిదే అన్నిటికన్నా పల్చగా వచ్చింది, ఒక గ్రంథి ఉబ్బి ఉందట, వచ్చే నెల ఆపరేషన్.