కోబీజ్ గొంతు ఎందుకు మారిపోయింది

కజఖ్ సంగీతం అని యూట్యూబ్‌లో వెతికితే ముందు వచ్చేది పెద్ద స్టేజి, ఒకే రకం బట్టల్లో వరసగా కూర్చుని దోంబ్రాలు వాయించే జనం, వాళ్ల ముందు ఒక కండక్టర్. బాగుంటుంది, కాదనను. కానీ దాన్ని "పురాతన స్టెప్పీ సంగీతం" అంటారే, అక్కడే చిన్న పేచీ. ఈ ఆర్కెస్ట్రా పద్ధతి 1934లో కజకిస్తాన్‌లోని అల్మాతీ నగరంలో మొదలైంది. కోబీజ్ అనే కమాను వాయిద్యం గొంతు మారిపోయిందీ దీనివల్లే.

అంతకుముందు దోంబ్రా మామూలుగా ఒక్కడే వాయించే వాయిద్యం. రెండే తీగలు, అవీ మేక పేగుతోనో గొర్రె పేగుతోనో చేసినవి, మెట్లు కూడా పేగుతో కట్టినవే కాబట్టి అటూ ఇటూ జరుపుకునేవారు. పాట లేకుండా వాయించే చిన్న రచనని కుయ్ అంటారు, దాదాపు ప్రతి కుయ్ వెనకా ఒక కథ ఉంటుంది. పశ్చిమ కజకిస్తాన్‌లో కుర్మన్‌గాజీ లాంటి వాద్యకారులది తోక్పే శైలి, చెయ్యి ఊపుతూ రెండు తీగలూ కలిపి మోగించేస్తారు, గుర్రం పరుగులా ఉంటుంది. మధ్య ప్రాంతంలో తత్తింబెత్‌ది (1815–1862) షెర్త్పే, వేళ్లతో మెత్తగా మీటడం. నాకు రెండోదే ఇష్టం. రాసుకోవడం లేదు, అంతా చెవితో నేర్చుకోవడమే, కుర్మన్‌గాజీ దగ్గర నేర్చుకున్న దీనా నుర్‌పేయిసోవా 1955 దాకా బతికి ఉంది కాబట్టి ఆయన కుయ్‌లు నేరుగా ఆమె చేతి నుంచి తర్వాతి తరానికి అందాయి.

మధ్యలో 1930–33 కరువు వచ్చింది. సోవియట్ ప్రభుత్వం పశువుల్ని లాక్కుని సంచార జనాన్ని బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టాక సుమారు 15 లక్షల మంది చనిపోయారు. వాయించేవాళ్లూ పోయారు, వినేవాళ్లూ పోయారు. అది జరిగిన వెంటనే అఖ్మెత్ జుబానోవ్ అనే సంగీతజ్ఞుడు ఈ ఆర్కెస్ట్రా పెట్టాడు. ఆయన్ని తిట్టడం సులువే గానీ, పాత వాద్యకారుల్ని వెతికి వాళ్ల జీవితాలు రాసిందీ ఆయనే, పైగా ఆయన అన్న, భాషావేత్త కుదైబెర్గెన్‌ని 1938లో కాల్చి చంపారు. అలాంటి రోజులవి.

ఆర్కెస్ట్రా అంటే అందరి శ్రుతీ కలవాలి. దోంబ్రా ఎలాగోలా సర్దుకుంది, మెట్లు బిగించారు, చిన్నా పెద్దా సైజులు చేశారు, తర్వాత పేగు పోయి నైలాన్ వచ్చింది. అసలు దెబ్బ తగిలింది కిల్-కోబీజ్‌కి, అంటే పాత కోబీజ్‌కి. ఒకే చెక్కని తొలిచి, కింది సగానికి తోలు బిగించి, రెండు గుర్రపు వెంట్రుకల పోగుల్ని కమానుతో వాయించే వాయిద్యం అది. వేలితో పోగుని కర్రకి నొక్కరు, పక్క నుంచి తాకుతారంతే, అందుకే ఒక స్వరం వెంట ఇంకో నాలుగు స్వరాలు గుసగుసలాడుతూ వస్తాయి. ఆ గుసగుసే ఆర్కెస్ట్రాలో ఇమడలేదు. దానికి తోడు రోగాలు కుదిర్చే, ఆత్మల్ని పిలిచే బక్సీల చేతి వాయిద్యం కావడంతో మూఢనమ్మకం అనే ముద్ర కూడా పడింది. దాని స్థానంలో కొత్త కోబీజ్ తయారుచేశారు, మొదట మూడు తీగలు, తర్వాత నాలుగు, వయొలిన్ శ్రుతి. పేరు మాత్రం అదే!

పాతది పూర్తిగా పోలేదంటే ఇఖ్లాస్ (1843–1916) అనే కోబీజ్ వాద్యకారుడి పరంపర వల్లే. ఆ కుయ్‌లు తెలిసిన దౌలెత్ మిక్తిబాయెవ్‌ని 1968లో అల్మాతీ కన్సర్వేటరీకి, అంటే సంగీత కళాశాలకి పిలిచి కిల్-కోబీజ్ క్లాసు పెట్టించారు, అప్పటికాయన అరవై దాటాడు. దోంబ్రా కుయ్‌కి 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇప్పుడు కజకిస్తాన్‌లో ఎవరైనా కోబీజ్ నేర్చుకుంటున్నామంటే, ఏ కోబీజ్, రెండు పోగులదా నాలుగు తీగలదా అని ముందు అడగాల్సిందే.