గింజ వెళ్లింది, సున్నం వెళ్లలేదు

చిరంజీవులు పిల్లలకు,

స్పానిష్ మాట్లాడే దేశాల మీద బడిలో ప్రాజెక్టు అనగానే చార్టు మీదికి ఎద్దులతో పోరు, పెద్ద టోపీ, గిటారు వచ్చేస్తాయి. దాదాపు ఇరవై దేశాలు ఒక్క టోపీ కింద పట్టవర్రా. ఈసారి ఒకే ఒక్క మాట పట్టుకోండి: తోర్తీయా. స్పెయిన్‌లో అడిగితే బంగాళాదుంపా గుడ్లూ కలిపిన మందపాటి అట్టు పెడతారు. మెక్సికోలో అడిగితే పల్చటి మొక్కజొన్న రొట్టె. మాట ఒకటే, కంచంలోకి వచ్చేది వేరు. మన ప్యాకెట్ల మీద ‘టోర్టిల్లా’ అని రాస్తారు గానీ స్పానిష్‌లో ‘త’ మన ‘త’ లాంటిదే, రెండు ‘ల’లు కలిస్తే ‘య’ అయిపోతుంది. ఇంగ్లీషు నోటికన్నా మన నోటికే ఇది తేలిక.

మెక్సికో రొట్టెకి పేరు స్పానిష్‌ది, పని మాత్రం స్పెయిన్ వాళ్లు రాకముందుది. సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టిన ఎండు మొక్కజొన్నని ‘నిక్స్తమాల్’ అంటారు, అక్కడి నహువాట్ల్ భాష నుంచి వచ్చిన మాట. అందులో ‘నెష్త్లి’ అంటే బూడిద, ‘తమల్లి’ అంటే మొక్కజొన్న ముద్ద. సున్నంలాగే కట్టెల బూడిదా ఈ పనికి పనికొస్తుంది. తాంబూలంలో మనం రాసుకునే సున్నమే ఇదీ.

చేసి చూడాలంటే పెద్దవాళ్లని పక్కన పెట్టుకోండి. అర కిలో బాగా ఎండిన మొక్కజొన్న గింజలు కావాలి. స్వీట్ కార్న్, పాప్‌కార్న్ పనికిరావు. నీళ్లు లీటరున్నర. తినే పనికి అమ్మే సున్నం పొడి 5 గ్రాములు, అంటే గింజ బరువులో నూటికి ఒక వంతు. గోడలకు వేసే సున్నం వద్దు. నీళ్లు పోస్తే సలసల కాగే రాతి సున్నాన్ని అసలు ముట్టుకోవద్దు. గిన్నె స్టీలుదే అయ్యుండాలి, అల్యూమినియాన్ని సున్నం తినేస్తుంది.

సున్నాన్ని నీళ్లలో కలిపి గింజలు వేయగానే వాటి పసుపు రంగు చిక్కబడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది కదా, సున్నానికి రంగులతో ఆడుకోవడం అలవాటే. సన్నని సెగ మీద అరగంట నుంచి ముప్పావు గంట ఉడకనివ్వండి. గింజని తీసి కడిగి వేళ్ల మధ్య నలిపితే పై పొర జారిపోవాలి, కొరికితే లోపల చిన్న గట్టి పలుకు తగలాలి. అక్కడ పొయ్యి ఆపి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. ఆ పలుకు కూడా మెత్తబడేదాకా ఉడికిస్తే రుబ్బినప్పుడు జిగురు ముద్ద అవుతుంది. తక్కువ ఉడికితే పిండి గరగరలాడి రొట్టె అంచులు చీలుతాయి.

పొద్దున్న ఆ నీళ్లు పారబోసి రెండు సార్లు కడగండి. అసలు కడక్కపోతే సున్నం చేదు. మరీ తోమి తోమి కడిగితే పొర మొత్తం పోయి పిండి కలిసి నిలవదు. కొంచెం పొర ఉండనివ్వాలి, రొట్టెకి పట్టునిచ్చేది అదే. గోధుమలో ఉన్న సాగే గుణం మొక్కజొన్నలో లేదు. మన జొన్నరొట్టెకి ఆ లోటు వేడినీళ్లు తీరుస్తాయి, ఇక్కడ సున్నం తీరుస్తుంది.

రుబ్బడానికి వాళ్లకి మెతాతె అని మూడు కాళ్ల రాతిపలక ఉంటుంది. మన సన్నికల్లూ పొత్రమూ గుర్తుకొస్తాయి. మిక్సీలో అయితే చెంచాడు చెంచాడుగా నీళ్లు చల్లుతూ, ఆపి ఆపి తిప్పండి. తొందరపడి నీళ్లు పోస్తే దోసెల పిండి అయి కూర్చుంటుంది. తడిబట్ట కప్పి అరగంట ఉంచాక నిమ్మకాయంత ఉండ తీసి నొక్కండి. అంచు పగిలితే తడి చాలలేదు, చేతికి అంటుకుంటే ఎక్కువైంది. రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య జానెడు కన్నా చిన్నగా, 2 మిల్లీమీటర్ల మందాన ఒత్తండి.

పెనం బాగా కాలాలి, నూనె వద్దు. మొదటి వైపు 20 సెకన్లు చాలు, రెండో వైపు నిమిషం, మళ్లీ తిప్పి మధ్యలో వేలితో మెల్లగా తట్టితే పొంగుతుంది. పొంగలేదంటే పెనం కాలలేదు, లేదా మొదటి వైపే ఎక్కువసేపు ఉంచి ఎండబెట్టారు. తీసినవి తీసినట్టే గుడ్డలో చుట్టాలి. ఆ ఆవిరికే మెత్తబడతాయి. బయట వదిలేస్తే అప్పడాలే.

ఇంత శ్రమ దేనికంటారా? మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉంటుంది గానీ మన ఒంటికి అందకుండా ముడిపడి ఉంటుంది. సున్నం ఆ ముడి విప్పుతుంది. కొలంబస్ 1492 ప్రయాణం తర్వాత కొన్నేళ్లకే మొక్కజొన్న స్పెయిన్ చేరింది. సున్నం పద్ధతి మాత్రం వెంట వెళ్లలేదు. ఉత్తర స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో మొక్కజొన్నే తిండిగా బతికే పేదలకి చర్మం ఎర్రబడి పొలుసులు లేచే జబ్బు పట్టుకుంది. గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో దాన్ని వర్ణించి రాశాడు. తర్వాత ఇటలీలో దాన్నే ‘పెల్లాగ్రా’ అన్నారు, గరుకు చర్మం అని అర్థం. నియాసిన్‌తో అది తగ్గుతుందని తెలిసింది 1937లో! తరతరాలుగా సున్నం వేసి వండుకునే మెక్సికో పల్లెల్లో మొక్కజొన్నే ప్రధాన ఆహారమైనా ఆ బెడద అంతగా లేదు. కంచంలో చిక్కుడుజాతి గింజలు కూడా ఉండటం మరో కారణం.

ఆ జబ్బు మన దాకానూ వచ్చింది, ఇంకో దారిలో. తెలంగాణలో జొన్నల మీదే బతికేవాళ్లలో అది కనిపిస్తే, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో దాని మీద పరిశోధన ప్రచురించారు. జొన్న మాంసకృత్తుల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని వాళ్లు అనుమానించారు. కాబట్టి జొన్నపిండిలో సున్నం కలపబోకండి, అది వేరే లెక్క.

రొట్టెలు మిగిలాయా? పారేయకండి. మర్నాటికి గట్టిపడితే ముక్కలు చేసి వేయించి, టమాటా పచ్చిమిర్చి ఉడికించి రుబ్బిన సాల్సాలో వేసి ఒక పొంగు రానివ్వండి. దాన్ని చిలాకీలెస్ అంటారు, మెక్సికోలో పొద్దుటి ఫలహారం. ముక్కలు పూర్తిగా మెత్తబడక ముందే తినేయాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య