తలుపు వైపు తిప్పిన కుర్చీ

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో లైంగిక హింసకు గురైన స్త్రీలకు కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ పోలీసు స్టేషన్ కాగితాలు మరాఠీలో ఉంటాయి, మావాళ్లలో చాలామంది గోడు వెళ్లబోసుకునేది తెలుగులో. వింటూ వింటూ నా మనసు రగిలిపోయే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: అరవలేదు, ఒంటిమీద గాయం లేదు. ఇష్టపడే ఉంటుంది.

వాస్తవం: ఈ మాటకు మా జిల్లాలోనే చరిత్ర ఉంది. 1972లో దేసాయిగంజ్ పోలీసు స్టేషన్‌లో తనపై అత్యాచారం జరిగిందని ఒక ఆదివాసీ అమ్మాయి ఫిర్యాదు చేసింది. గాయాలు లేవన్నది ఒక కారణంగా చూపి 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. మరుసటి ఏడాది నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, మహిళలు వీధుల్లోకి వచ్చారు, 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో లైంగిక చర్య జరిగిందని రుజువైతే, తాను ఒప్పుకోలేదని ఆమె చెప్పిన మాటను నిజమని తీసుకునే కోర్టు మొదలుపెట్టాలి. భయానికి ఒళ్లు కొయ్యబారుతుంది, నోరు పెగలదు. అది ఎవరి చేతుల్లోనూ ఉండదు.

అపోహ: ఏడవడం లేదు కాబట్టి ఏమీ జరగలేదు.

వాస్తవం: ఒక అమ్మాయి (ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను) మొదటి మూడుసార్లు చున్నీ అంచు దారాలు పీకుతూ కూర్చుంది, ఒక్క మాట లేదు. నాలుగోసారి రాగానే కుర్చీని తలుపు వైపు తిప్పుకుంది. దారి కనబడుతుంటే ఊపిరి ఆడుతుందట. ఆ కుర్చీని ఇప్పటికీ అలాగే ఉంచాను. ఎండాకాలం తునికాకు కోతకు రెండు రోజులు వెళ్లింది, వారం మానేసింది, మళ్లీ వెళ్లింది. నేను చూసిన తేరుకోవడం ఇలాగే ఉంటుంది.

అపోహ: గోదావరి అవతల, తెలంగాణలో జరిగితే ఇక్కడి స్టేషన్‌లో తీసుకోరు.

వాస్తవం: తీసుకోవాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు రాయించవచ్చు, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఫిర్యాదు ఇవ్వకపోయినా చికిత్స చేయాల్సిందే, ప్రైవేటు ఆసుపత్రిలోనూ ఉచితంగానే. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకోవాలి. అందుకే ముందు ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: పెళ్లి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: తునికాకు కోతకు వెళ్లిన అమ్మాయి ఇంట్లోనూ సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఆమె నాతో అన్నది ఒక్కటే: "ముందు నన్ను ఒక్కదాన్నే సంతకు వెళ్లనివ్వమనండి మేడం." వాళ్ల అమ్మకు ఆ మాటే చేరవేశాను.