మీ పాత కారును కంపెనీ కోట్లిచ్చి కొంటుందా? అపోహలు - వాస్తవాలు

విజయవాడలో కార్ల షోరూములకు ప్రచార కార్యక్రమాలు నిర్వహించడం నా వృత్తి కనుక, ఏ కంపెనీ తన పాత మోడలుకు వేడుక చేసినా ఆ వీడియో వాట్సాప్‌లో తిరిగిన మర్నాడే "మా నాన్నగారి అంబాసిడర్ ఉందండీ, కంపెనీవారు ఎంతిస్తారు?" అన్న ఫోన్లు మొదలవుతాయి. ఏమీ ఇవ్వరు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది.

ఈ ఆశకు మూలం 2015 డిసెంబరులో లండన్ వేలంలో 4 లక్షల పౌండ్లు పలికిన డిఫెండర్, అంటే ల్యాండ్ రోవర్ కంపెనీ తయారుచేసిన జీపులాంటి బండి. అయితే అది పాత బండే కాదు. 20 లక్షలవ వాహనానికి గుర్తుగా ఆ ఏడాదే ప్రత్యేకంగా తయారుచేసిన కొత్త బండి, వచ్చిన సొమ్ము కూడా సేవాసంస్థలకు వెళ్ళింది. 1947లో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ వేల్స్‌లోని రెడ్ వార్ఫ్ బే ఇసుకలో ఆ బండి తొలి రూపాన్ని గీశాడన్న జ్ఞాపకంతో, అదే తీరంలో ఆరు వాహనాలతో కిలోమీటరు వెడల్పున డిఫెండర్ బొమ్మ గీయించింది కూడా ఆ ఏడాదే. పోటు వస్తే చెరిగిపోయే ఆ బొమ్మ కోసం కంపెనీ ఎవరి పాత బండినీ కొనలేదు.

అన్నిటికన్నా నష్టం కలిగించే అపోహ, బండిని కొత్తదానిలా మెరిపిస్తే విలువ పెరుగుతుందన్నది. తెనాలి నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన అంబాసిడర్‌కు టింకరింగ్, పెయింటింగ్ చేయించి, సీట్లు మార్పించి, చివరకు ఇంజన్ కూడా వేరేది వేయించారు. దాంతో ఆర్సీలోని నంబరుకూ బండిలోని నంబరుకూ పొంతన పోయింది. "తప్పు చేశానా బాబూ?" అని అడిగినప్పుడు ఆయనను కోప్పడబుద్ధి కాలేదు. కంపెనీలు మురిసేది కొత్త మెరుపుకు కాదు. 2018లో ల్యాండ్ రోవర్ తన 70 ఏళ్ళ పండుగకు చిత్రీకరించినది డార్జిలింగ్ జిల్లా మానేభంజంగ్ నుంచి సందక్‌ఫూ కొండకు అప్పటికీ జనాన్ని మోస్తున్న పాత బండ్లనే. విప్పిన ప్రతి భాగాన్నీ దాచండి, అసలు రంగు ఉంటే ముట్టుకోకండి.

పదిహేనేళ్ళు దాటితే తుక్కే అన్నది మన రాష్ట్రంలో సొంత కార్లకు వట్టి పుకారు. ఫిట్‌నెస్ ఉంటే ఆర్సీ ఐదేళ్ళకు పొడిగిస్తారు. వింటేజ్ (పాతకాలపు అపురూప బండి) నమోదుకైతే 50 ఏళ్ళు దాటాలి, ఆ బండిని రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు.

మాస్టారి పాత ఇంజన్ తుక్కుకు వెళ్ళిపోయింది. ఆటోనగర్‌లో అడగ్గా అడగ్గా, ఒక గోనెసంచిలో ఆయన పాత మీటరు మాత్రం దొరికింది.